పాత పేటలో రీడెవలప్‌మెంట్: ఉన్నవాళ్లు చెదిరిపోకుండా సంతకానికి ముందే ఏం రాయించుకోవాలి?

వీధిదీపం (ప్రశ్న)

నగరం నడిబొడ్డున ఉన్న పాత పేటల్లో రీడెవలప్‌మెంట్ పూర్తయిన అయిదారేళ్లకు వెళ్లి చూస్తే, భవనాలతో పాటు మనుషులూ మారిపోయి ఉంటారు. ఒప్పందంలో మాత్రం ‘ప్రస్తుతం నివసిస్తున్న వారందరికీ ఇళ్లు’ అనే రాసుంటుంది. ఆ మాటకీ తర్వాత జరిగేదానికీ మధ్య మనుషులు ఎక్కడ జారిపోతున్నారు?

నాకు కావలసినవి ఇవి: సంతకం పెట్టకముందు ఏయే షరతులు, ఎంత వివరంగా రాయించుకోవాలి, భవనం నిజంగా కూల్చాల్సినంత పాడైందో లేదో ఎలా తేల్చాలి, సొంత వాటా లేకుండా అద్దెకుంటున్నవాళ్లకు ఏ దారులున్నాయి. ఫలానా ఊరి చట్టం అని కాకుండా, ఎక్కడైనా పనికొచ్చే పద్ధతి చెప్పండి.

---

నగరపటం

మూడు చోట్ల జారిపోతారండీ. కొత్త ఇల్లు ఎవరికి రావాలో తేల్చే జాబితా తయారయ్యేటప్పుడు, ఇల్లు కూల్చాక బయట గడిపే కాలంలో, తిరిగొచ్చాక నెలనెలా పడే నిర్వహణ ఖర్చు దగ్గర. జనం చదరపు అడుగుల కోసం నెలల తరబడి పట్టుబడతారు, ఈ మూడింటినీ మాత్రం బిల్డర్ ముసాయిదాలో ఎలా ఉంటే అలాగే వదిలేస్తారు.

ముందు జాబితా సంగతి. ప్రాజెక్టు వస్తుందన్న మాట పొక్కిన రోజుకీ, ఇంటింటి సర్వే జరిగే రోజుకీ మధ్య నెలలు గడుస్తాయి. అసలు నష్టం ఆ నెలల్లోనే జరుగుతుంది. అద్దెకున్నవాళ్లను ఖాళీ చేయిస్తారు, ఒక వాటాను రెండుగా చీల్చి కొత్త పేర్లు ఎక్కిస్తారు. సర్వే నాటికి ఆ గదిలో లేని మనిషి లెక్కలోకే రాడు. అందుకని అర్హత తేదీ (ఆ రోజు నాటికి అక్కడున్నవాళ్లే జాబితాలోకి వస్తారు) ప్రకటన వెలువడిన రోజు కాకుండా దానికి ఏడాదో రెండేళ్లో వెనకటిది అయి ఉండాలి. మరీ వెనక్కి జరిపినా ప్రమాదమే. ముంబై మురికివాడల పునరావాస పథకంలో అర్హత తేదీ మొదట 1995 జనవరి 1గా ఉండి తర్వాత 2000 జనవరి 1కి మారింది. ఆ తేదీ తర్వాత వచ్చినవాళ్లు ఎన్నేళ్లు అక్కడే బతికినా ఉచిత ఇంటికి అర్హులు కాలేదు.

సర్వేలో ప్రతి తలుపుకూ నంబరు వేసి, ఆ నంబరు కనబడేలా ఫోటో తీయాలి. గది కొలత గోడ లోపలి అంచు నుంచి లోపలి అంచుకు. ఇంటిపెద్ద పేరొక్కటే కాకుండా భార్య పేరు, అక్కడుంటున్న పెద్దల పేర్లు అన్నీ ఎక్కాలి. ఎవరు యజమాని, ఎవరు అద్దె, ఎవరు ఉప అద్దె అన్నది పక్కనే రాయాలి. జాబితాను గోడకు అంటించి కనీసం 30 రోజులు అభ్యంతరాలు తీసుకోవాలి. సమ్మతి సంతకాలు ఆ తర్వాతే. చాలాచోట్ల వరస తిరగబడుతుంది: సంతకాలు ముందు, జాబితా వెనుక. అప్పటికి అభ్యంతరం చెప్పేవాళ్ల చేతిలో ఏమీ మిగలదు.

ఇక బయట ఉండే కాలం. తాత్కాలిక అద్దెగా ఇచ్చే మొత్తం ఆ పేటలోనే, అంతే సైజు ఇంటికి ఇవాళ నడుస్తున్న అద్దెను బట్టి ఉండాలి. ఒకేసారి అరవై కుటుంబాలు ఇళ్లు వెతుక్కోవడం మొదలుపెడితే చుట్టుపక్కల అద్దెలు పెరుగుతాయి కాబట్టి ఏటేటా పెంపు కూడా రాయించాలి. సామాన్లు చేర్చే ఖర్చు రెండు వైపులా. మధ్యలో ఇల్లు మారాల్సి వస్తే ఆ బ్రోకరేజీ కూడా. మొదటి 12 నెలల అద్దె తాళం ఇచ్చేలోగా చేతికి రావాలి. మిగతా నిర్మాణ కాలానికీ, ఆలస్యం కోసం మరో 12 నెలలకూ బ్యాంకు గ్యారంటీ (బిల్డర్ కట్టకపోతే బ్యాంకే కడతానన్న హామీ) ఉండాలి. రాబోయే నెలల తేదీలు వేసిన చెక్కులు భద్రత కావు. బిల్డర్ ఖాతాలో డబ్బు అడుగంటిన రోజే అవి అక్కరకొస్తాయి, ఆ రోజే అవి వెనక్కొస్తాయి.

గ్యారంటీ పత్రంలో రెండు చోట్ల వేలు పెట్టి చదవండి. ఒకటి, ‘అడిగిన వెంటనే, ఏ షరతూ లేకుండా’ చెల్లిస్తామన్న వాక్యం. అది లేకపోతే ముందు బిల్డర్ తప్పు రుజువు చేయమంటారు. రెండోది గడువు తేదీ. నివాసయోగ్యత పత్రం వచ్చే రోజుకన్నా ముందే గడువు తీరిపోయే గ్యారంటీలు మామూలుగా కనిపిస్తాయి. ‘గడువుకు 60 రోజుల ముందు పొడిగించకపోతే మొత్తం సొమ్ము నివాసితుల సంఘం ఖాతాలో జమ’ అన్న మాట చేర్పించాలి.

వీలైతే బయటికే వెళ్లకుండా చూసుకోవడం మేలు. స్థలంలో ఖాళీ జాగా ఉంటే ముందు అక్కడ పాతవాళ్ల బ్లాకు కట్టి, అందులోకి చేరాక పాతది కూల్చడం. పని నిదానంగా సాగుతుంది, బిల్డర్ ఒప్పుకోడానికి ఇష్టపడడు. కానీ ఇల్లు ఒక్కసారే మారతారు, పిల్లల బడి మారదు, ప్రాజెక్టు మధ్యలో ఆగిపోతే వీధిన పడరు. ఇది కుదరని చోట ‘ప్లాను మంజూరు, నిర్మాణ అనుమతి, బ్యాంకు గ్యారంటీ మూడూ చేతికొచ్చాకే ఖాళీ చేస్తాం’ అన్న షరతు మీద మాత్రం బెట్టు సడలించకండి.

మూడోది నిర్వహణ ఖర్చు. దీని గురించి దాదాపు ఎవరూ లెక్క వేయరు. రెండంతస్తుల ఇంట్లో లేనివన్నీ టవర్‌లో ఉంటాయి: లిఫ్టులు, అగ్నిమాపక పంపులు, జనరేటర్, కాపలా. పాత చోట నెలకు 100 అయ్యేది కొత్త చోట 400 అవుతుందనుకోండి. తేడా 300, ఏడాదికి 3,600. పన్ను పోను 6 శాతం వడ్డీ వస్తే ఆ తేడా పూడటానికి 60,000 మూలధనం కావాలి, అంటే నెలవారీ తేడాకు 200 రెట్లు. ధరలు ఏటా 4 శాతం పెరుగుతుంటే నిజంగా ఖర్చు పెట్టదగ్గ వడ్డీ 2 శాతమే మిగులుతుంది. అప్పుడు కావలసింది 600 రెట్లు. నిర్వహణ ఖర్చుకు వడ్డీ వచ్చేలా బిల్డర్ ఇస్తానన్న కార్పస్ ఫండ్‌ను ఈ లెక్కతో పోల్చి చూస్తే ఎంత కొరత ఉందో తెలుస్తుంది. చార్జీలు కట్టలేక నాలుగైదేళ్లకు ఇల్లు అమ్ముకుని ఊరి చివరికి వెళ్లేవాళ్లను ఎవరూ ‘ఖాళీ చేయించారు’ అనరు. జరిగేది మాత్రం అదే.

కార్పస్ పెంచడంతో పాటు ఖర్చు తగ్గించే మార్గాలూ ఉన్నాయి. పాతవాళ్ల బ్లాకు ఎత్తు తక్కువ ఉంచమనండి. బిల్డర్ బయటివాళ్లకు అమ్ముకునే టవర్‌లోని ఈతకొలను, క్లబ్ హౌస్ ఖర్చు ఈ బ్లాకు మీద పడకూడదని రాయించండి. నీటికీ కరెంటుకూ విడి మీటర్లు పెట్టించండి. ఒప్పందంలో విస్తీర్ణం ప్రతిచోటా కార్పెట్ ఏరియాలోనే (గోడల లోపల వాడుకునే జాగా) ఉండాలి, బాల్కనీ కలపకుండా, ప్లాస్టరింగ్ అయ్యాక కొలిచేలా.

---

గుణకం

భవనం పరీక్షల సంగతి నేను చెప్తాను. మొదటి షరతు, భవనం దృఢత్వాన్ని పరీక్షించే ఆడిట్ ఇంజినీరుకు డబ్బిచ్చేది బిల్డర్ కాకూడదు, సంఘం అయి ఉండాలి. ఎవరి డబ్బుతో చేస్తే వాళ్లకు కావలసిన వాక్యం నివేదిక చివర్లో ప్రత్యక్షమవడం అరుదు కాదు.

కంటితో చూసి, రీబౌండ్ హ్యామర్ (ఉపరితలం గట్టిదనం కొలిచే సుత్తిలాంటి పరికరం) నాలుగు చోట్ల కొట్టి ‘ప్రమాదకరం’ అని రాసిన నివేదిక చెల్లదు. వయసైన కాంక్రీటు ఉపరితలం కార్బొనేషన్ వల్ల (గాలిలోని కార్బన్ డయాక్సైడ్ చేరి క్షారగుణం పోవడం) గట్టిపడి హ్యామర్‌కు అసలుకన్నా ఎక్కువ బలం చూపిస్తుంది. పొర లేచిన చోట తక్కువ చూపిస్తుంది. రెండు వైపులా మోసం చేసే పరికరం అది. దానికి జతగా అల్ట్రాసోనిక్ పల్స్ వేగం, అంటే కాంక్రీటులో శబ్ద తరంగం సాగే వేగం, కొలవాలి. సెకనుకు 3.5 కిలోమీటర్లకు పైన ఉంటే మంచి కాంక్రీటు, 3 కన్నా తక్కువైతే లోపల గుల్ల ఉందేమోనని అనుమానించాలి. బలం తేల్చేది కోర్ పరీక్ష: కాంక్రీటులోంచి గుండ్రటి ముక్క (కోర్) తొలిచి తీసి పరీక్షిస్తారు. కనీసం మూడు కోర్‌లు తీయాలి. సగటు బలం డిజైన్ బలంలో 85 శాతానికి, ఏ ఒక్కటైనా 75 శాతానికి తగ్గకపోతే సాధారణంగా సరిపోయినట్టే లెక్క.

తుప్పు విషయానికి, కాంక్రీటు లోపలి ఇనుప కడ్డీ దగ్గర వోల్టేజి కొలిచే హాఫ్ సెల్ పరీక్ష ఉంది. కాపర్ సల్ఫేట్ ఎలక్ట్రోడ్‌తో కొలిచినప్పుడు రీడింగు మైనస్ 350 మిల్లీవోల్టుల కన్నా కిందకు పోతే అక్కడ కడ్డీ తుప్పు పడుతూ ఉండే అవకాశం 90 శాతానికి పైమాటే.

మీరు దగ్గరుండి చూడదగ్గ పరీక్ష ఒకటుంది. కోర్‌ను అప్పటికప్పుడు పగలగొట్టి, దుమ్ము తుడిచి, ఆ తాజా ముఖం మీద ఫినాల్ఫ్తలీన్ ద్రావణం చల్లుతారు. క్షారగుణం మిగిలి ఉన్న కాంక్రీటు కళ్లెదుటే ముదురు గులాబీకి తిరుగుతుంది. కార్బొనేషన్ సోకిన పై పొర రంగు మారకుండా బూడిదగానే ఉండిపోతుంది. ఆ బూడిద పట్టీ మందం 12 మిల్లీమీటర్లు, కడ్డీని కప్పిన కాంక్రీటు మందం (కవర్) 25 మిల్లీమీటర్లు అయితే కడ్డీకి ఇంకా రక్షణ ఉన్నట్టు. పట్టీ కడ్డీని దాటిపోయి, దానికి తేమ కూడా తోడైతే మరమ్మతు వాయిదా వేయకూడదు. ఈ ఫోటోలు, పక్కన స్కేలు పెట్టి తీసినవి, నివేదికలో ఉండాలని అడగండి.

పాత పేటల్లో చాలా ఇళ్లు అసలు కాంక్రీటువే కావు. ఇటుక గోడ, సున్నం, చెక్క దూలాలు. వాటికి పై పరీక్షలు వర్తించవు. దూలం గోడలో దిగిన చివర పుచ్చిందా, గోడ నిలువు తప్పిందా, కింది నుంచి తేమ ఎక్కుతోందా అని చూడాలి. అలాంటి గోడకు సిమెంటు ప్లాస్టర్ కొట్టి తేమను లోపలే బంధించి, రెండేళ్ల తర్వాత ‘గోడ పాడైంది, కూల్చాలి’ అనడం తరచూ జరిగే తప్పు.

నివేదికలో మరమ్మతు ఖర్చు, మరమ్మతు తర్వాత మిగిలే ఆయుష్షు రెండూ రాయించండి. వియన్నా నగరం 1984 నుంచి ఇందుకో నిధి నడుపుతోంది. అద్దెదారులను ఇళ్లలో ఉంచే పైకప్పు, పైపులు, మెట్లు, లిఫ్టు బాగుచేస్తారు. ఎవరైనా వెళ్లిపోయినప్పుడు ఆ వాటా లోపలి పని చూస్తారు. సాయం తీసుకున్న యజమాని అద్దెకు కొన్నేళ్ల పాటు పరిమితి ఉంటుంది. కూల్చడం ఒక్కటే మార్గం అనేవాళ్లకు ఇది మంచి జవాబు.

---

అద్దెచీటీ

నగరపటం గారు చెప్పినవన్నీ సంతకం పెట్టే హక్కున్నవాళ్లకు. అద్దెకున్నవాళ్ల చేతికి ఆ కాగితమే రాదు. వాళ్ల విషయంలో తొందరగా పసిగట్టడమే సగం పని.

భవనం ఇవాళ తెచ్చే అద్దెకూ, ఖాళీ చేయించి కొత్తగా మలిస్తే తేగల అద్దెకూ మధ్య తేడా పెరిగే కొద్దీ పెట్టుబడి అక్కడికి దిగుతుంది. భూగోళ శాస్త్రవేత్త నీల్ స్మిత్ 1979లో చెప్పిన ‘రెంట్ గ్యాప్’ సారం ఇదే. కొలవడం కష్టమేమీ కాదు: భవనం అమ్ముడైన ధరను దాని ఏడాది అద్దెతో భాగించండి. చాలాకాలంగా 15 రెట్ల దగ్గర నడిచే వీధిలో కొనుగోళ్లు 28, 30 రెట్లకు జరుగుతున్నాయంటే, ఆ కొన్నవాడు ఇప్పుడున్న అద్దెల మీద లెక్క వేసుకోలేదు. మీరు వెళ్లిపోతారన్న లెక్క వేశాడు. దీంతోపాటు ఖాళీ అయిన వాటాలను మళ్లీ అద్దెకివ్వకపోవడం, రోజుల లెక్కన అతిథులకు ఇవ్వడం, ఒకే సంస్థ పేరు మీద పక్కపక్క ఇళ్లు రిజిస్టర్ కావడం, మరమ్మతులు ఆపేయడం చూడాలి. నీళ్ల పంపు చెడిపోయి నెలలు గడిచినా బాగుచేయకపోవడం కూడా ఖాళీ చేయించే పద్ధతే. తేదీలు వేసి, ఫోటోలతో, రాతపూర్వకంగా ఫిర్యాదు పంపి రశీదు దాచుకోవాలి.

చట్టాల్లో నాకు అన్నిటికన్నా నచ్చేది వాషింగ్టన్ డీసీ 1980లో తెచ్చిన హక్కు: యజమాని భవనం అమ్మదలిస్తే ముందు అద్దెదారులకు కొనే అవకాశం ఇవ్వాలి. సంఘంగా ఏర్పడి తామే కొనొచ్చు, లేదా అద్దెలు పెంచనని ఒప్పుకున్న సంస్థకు ఆ హక్కు బదలాయించొచ్చు. డబ్బు లేని అద్దెదారుకు ఈ రెండో దారే ఆయుధం. న్యూయార్క్ 2017లో ఖాళీ చేయించే కేసుల్లో తక్కువ ఆదాయం వాళ్లకు ప్రభుత్వ ఖర్చుతో లాయరును ఇచ్చే చట్టం చేసింది. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, లాయరు లేని అద్దెదారు వాయిదాకు వెళ్లకపోవడంతోనే ఎన్నో కేసులు పోతాయి.

పై స్థాయి చట్టాన్ని చూసుకోకుండా నగరం ఒక్కటే తెచ్చిన నిబంధన నిలవకపోవచ్చు. జర్మనీలో తానే ఒక రాష్ట్రమైన బెర్లిన్ నగరం 2020లో అద్దెలకు పరిమితి పెట్టింది; ఆ అధికారం రాష్ట్రానికి లేదని జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం 2021 ఏప్రిల్‌లో కొట్టేసింది. తగ్గించిన అద్దె తాలూకు తేడా చాలామంది వెనక్కి కట్టాల్సి వచ్చింది. పరిమితి నడుస్తున్న రోజుల్లో ఆ తేడాను పక్కన దాచుకున్నవాళ్లు గట్టెక్కారు.

---

మేడమెట్లు

రక్షణ షరతులు అన్నీ సరే, కానీ ఒక మాట గట్టిగా చెప్పాలి. కొత్త నిర్మాణమే వద్దంటే పేట నిలుస్తుందనుకోవడం పొరపాటు. డబ్బున్న కుటుంబం ఆ పేటకు రావాలని నిర్ణయించుకున్నాక కొత్త ఫ్లాటు లేకపోతే పాత వాటానే రెట్టింపు అద్దెకు తీసుకుంటుంది. 1964లో సామాజిక శాస్త్రవేత్త రూత్ గ్లాస్ లండన్‌లో గమనించిందీ ఇదే: కూల్చిందేమీ లేదు, పాత ఇళ్లే ఒకదాని తర్వాత ఒకటి చేతులు మారాయి.

ఎక్కడ కడుతున్నారన్నదే ముఖ్యం. పార్కింగ్ జాగా, మూతపడ్డ గోదాము, ఖాళీ ప్లాటు మీద కడితే ఎవరూ కదలరు, ఒత్తిడి కూడా తగ్గుతుంది. మనుషులున్న ఇంటిని కూల్చి కట్టే ప్రతిచోటా, కూల్చిన ప్రతి తక్కువ అద్దె ఇంటికి బదులు అదే అద్దెకు ఒక ఇల్లు అక్కడే ఉండాలన్న నియమం పెట్టాలి. అమెరికా ప్రభుత్వ గృహాల్లో ఆ నియమాన్ని 1995లో పక్కనపెట్టి 1998లో ఎత్తేశారు; తర్వాత కూల్చినన్ని తిరిగి కట్టలేదు.

---

నగరపటం

మేడమెట్లు గారితో ఏకీభవిస్తాను. ‘ఇంటికి ఇల్లు’ షరతులో సంఖ్య, అద్దె రెండూ అంకెల్లో ఉండాలి. ‘అందుబాటు ధర’ అన్న మాట పనికిరాదు. ఇంగ్లండ్‌లో మార్కెట్ అద్దెలో 80 శాతం దాకా వసూలు చేసే ఇళ్లు కూడా ఆ పేరు కిందే వచ్చాయి. లండన్‌లో హేగేట్ ఎస్టేట్ అనే గృహ సముదాయం 1974లో పూర్తయింది, దాదాపు 1,200 ఇళ్లు, ఎక్కువ భాగం కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వం) తక్కువ అద్దెకిచ్చినవే. దాని స్థానంలో వచ్చిన ప్రాజెక్టులో దాదాపు 2,500 ఇళ్లున్నా, ఆ స్థాయి అద్దెకు ఇచ్చేవి సుమారు నూరే. మధ్యలో లాభం గిట్టదని నివేదిక పెట్టి తక్కువ అద్దె ఇళ్ల వాటా తగ్గించుకునే దారి బిల్డర్‌కు ఉండటమే ఇందుకు పెద్ద కారణం. ఒప్పందంలో ‘లాభనష్టాలతో నిమిత్తం లేకుండా’ అన్న మాట ఉండాలి. లాభం అంచనా దాటితే అందులో వాటా ఇవ్వాలని కూడా.

స్థలం సంఘం చేతిలోనే ఉంచుకోగలిగితే ఇంకా గట్టి రక్షణ. అమెరికాలో బర్లింగ్టన్‌లో 1984లో మొదలైన ల్యాండ్ ట్రస్టు పద్ధతిలో ఇల్లు కుటుంబానిది, నేల ట్రస్టుది. అమ్మినప్పుడు పెరిగిన విలువలో 25 శాతం కుటుంబానికి వస్తుంది, మిగతాది ఇంట్లోనే ఉండిపోయి తర్వాతి కుటుంబానికి ధర అందుబాటులో ఉంటుంది.

---

వీధిదీపం

అందరికీ ధన్యవాదాలండీ. రెండు మాటలు మిగిలాయి. కింది అంతస్తులో చిన్న దుకాణాలు, వర్క్‌షాపులు ఉంటే వాళ్లకు ఏం రాయించాలి? సమ్మతి ఓటు ఎవరెవరికి ఉండాలి?

---

నగరపటం

దుకాణానికి విస్తీర్ణం కన్నా వీధివైపు వెడల్పు ముఖ్యం. మూడు మీటర్ల ముఖంతో ఉన్న కొట్టుకు బదులు, అంతే విస్తీర్ణంతో మొదటి అంతస్తులో గది ఇస్తే వ్యాపారం పోయినట్టే. ముఖం వెడల్పు, రోడ్డు నుంచి దూరం, గుమ్మం ఎత్తు, సామాను దించుకునే జాగా ప్లానులో గీయించి, ఆ ప్లానునే ఒప్పందానికి అనుబంధంగా చేర్చాలి. వర్క్‌షాపు అయితే మూడు ఫేజుల కరెంటు, నేల మోయగల బరువు, పొగ బయటికి పోయే దారి కూడా. నిర్మాణ కాలంలో తాత్కాలిక కొట్టు అదే వీధిలో ఇవ్వాలి. అర కిలోమీటరు అవతలికి పోతే ఖాతాదారులు చెదిరిపోతారు.

సియోల్‌లోని యోంగ్‌సాన్‌లో 2009 జనవరిలో ఖాళీ చేయించే ఘర్షణలో ఆరుగురు చనిపోయారు. అక్కడి గొడవకు మూలం, దుకాణం తీసుకునేటప్పుడు ముందటివాళ్లకు కట్టిన గుడ్‌విల్ సొమ్ముకు పరిహారంలో చోటు లేకపోవడం. దక్షిణ కొరియా 2015లో ఆ సొమ్ముకు చట్టరక్షణ ఇచ్చింది, 2018లో లీజు పొడిగింపు హక్కును 5 ఏళ్ల నుంచి 10 ఏళ్లకు పెంచింది. కూల్చి కట్టే సందర్భాల్లో అక్కడ మినహాయింపులున్నాయి. కాబట్టి చట్టం ఉన్నా సరే, గుడ్‌విల్ ఎంతో ఒప్పందంలో అంకె వేయించాలి.

ఓటు విషయంలో లండన్ నమూనా వాడుకోవచ్చు. 2018 నుంచి, సామాజిక గృహాలు (తక్కువ అద్దెకిచ్చే ప్రజా గృహాలు) కూల్చి 150 లేదా అంతకుమించి ఇళ్లు కట్టే ప్రాజెక్టుకు మేయర్ నిధులు కావాలంటే నివాసితుల ఓటింగ్ జరగాలి. సామాజిక అద్దెదారులు, కనీసం ఏడాదిగా అక్కడే ఉంటున్న లీజుదారులు (దీర్ఘకాలిక లీజు మీద ఇల్లు కొనుక్కున్నవాళ్లు), ఏడాదిగా గృహ దరఖాస్తు జాబితాలో ఉండి ఎస్టేట్‌లో నివసిస్తున్న ఇతరులు ఓటర్లు. నా సలహా, దుకాణదారులను కూడా కలపండి, రహస్య ఓటింగ్ పెట్టండి. ఇంటింటికీ తిరిగి సంతకాలు పోగేసే పద్ధతిలో పక్కింటివాళ్ల ఒత్తిడే ఎక్కువగా పనిచేస్తుంది. ఓటుకు ముందు అందరికీ ఇచ్చే పత్రంలో ఇంటి కార్పెట్ ఏరియా, తిరిగొచ్చాక అద్దె లేదా నెలవారీ చార్జీ, బయట ఉండే నెలలు, ఆలస్యమైతే పరిహారం అంకెల్లో ఉండాలి. తర్వాత వీటిలో ఏ అంకె తగ్గినా మళ్లీ ఓటింగ్ జరగాలన్న షరతు కూడా అదే పత్రంలో పెట్టించండి.